వేటకు వెళ్లకండి

నాన్నా,

అనువాదంలో ఎం.ఏ. చేస్తూ, పని నేర్చుకోవడానికి తుఫాను హెచ్చరికలు పంపే ఆఫీసులో చేరాను. ఇంగ్లీషులో వచ్చినదాన్ని నేను తెలుగు చెయ్యాలి. "సముద్రంలోకి వెళ్లరాదని సూచించడమైనది" అనే పాత వాక్యం చూస్తే ఒళ్లు మండింది. కొట్టేసి, "చేపల వేటకు వెళ్లకండి" అన్నదాన్ని మనవాళ్ల మాటలో "వేటకు వెళ్లకండి" అని రాశాను. మా ఆఫీసు మేడమ్ ఒప్పుకున్నారు. నిన్న సాయంత్రం అది మన భావనపాడు ఫోన్లన్నిటికీ వెళ్లింది.

కొన్నేళ్ల కిందట ఆ తుఫాను రోజు నీకొచ్చిన హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. "రీచార్జి అయిపోనాది గావాల" అనుకుని, ఫోన్ గూట్లో పెట్టి వేటకెళ్లావు. మళ్లీ రాలేదు. ఆ ఫోన్‌కి అమ్మ ఇప్పటికీ రీచార్జి చేయిస్తోంది.

ఈ పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు రాసింది అందరూ సదివినారు. ఒక్క పడవా కదల్లేదమ్మా" అంది.

"మీ నాన్న ఫోనుకీ వచ్చినాది" అంది.