ఇడిమె గడ్డి కప్పింది

సుక్కీ,

ఇవాళ కోర్టు తీర్పు వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌ నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చి మా భూపాలపల్లి అడవిలో తలదాచుకున్న మీవాళ్లను బలవంతంగా వెనక్కి పంపకూడదట.

నిరుడు అటవీశాఖవాళ్లు మిమ్మల్ని వెనక్కి పంపడానికి లారీ ఎక్కించినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, పోతే సంపుతరు, జర చెప్పు" అన్నావు. వాళ్లకు చెప్పాను, ఎవరూ వినలేదు. వారం తిరక్కముందే నిన్ను చంపేశారని కబురొచ్చింది. నీ చెల్లెలు ఇడిమె నీ పాపను చంకనేసుకుని అడవిలో నడిచి మళ్లీ ఇక్కడికే చేరింది.

తీర్పు సంగతి ఇడిమెకు చెప్పాను.

"గీ మాట కోర్టు అప్పుడెందుకు చెప్పలే అక్కా?" అంది.



ఎప్పుడు పొమ్మంటారోనని ఇన్నాళ్లూ గుడిసెకు ప్లాస్టిక్ పరదాతోనే సరిపెట్టుకుంది. సాయంత్రం గడ్డి కోసుకొచ్చింది. నేను కట్టలు అందిస్తుంటే, గుడిసెకు కప్పు వేసింది.