రిపేరుకు పోయే కారు

రెంజల్, 12-11-1967

బోధన్ల బెల్లం దుకాణం నడిపే ఆత్మారాం సేటుకు నమస్తే.

ఇక్కడ మేమంత మంచిగున్నం. కారు మాకన్న మంచిగున్నది.

పద్నాలుగేండ్ల సంది దానికి ఒక్క రిపేరు రాలే. వాన పడితే బయటికి తియ్యలే, ఎండ కొడితే తియ్యలే, బాట మీద బురదుంటే అసలే తియ్యలే. ఏటా దసరాకు మా అవ్వ పసుపు కుంకుమ పెట్టి దండేస్తది. పొద్దుగాల ఒక్కసారి సెల్ఫ్ కొడితే చాలు, పిల్లి లెక్క గురుగురుమంటది.

మీరు కొన్న సంగతి మాత్రం ఊర్ల తెల్వద్దు. చుట్టుపక్కల కారున్న పటేలునని నాకొక్కనికే పేరు. కారు రిపేరుకు పోతుందని అవ్వకు, అందరికి చెప్పిన. అందుకే మీ డ్రైవరు దాన్ని నడుపుకుంట తీస్కపోవద్దు. మంచిగ నడిచే కారు రిపేరుకు పోతుందంటే ఎవరు నమ్ముతరు? రెండు జతల ఎడ్లను తోలియ్యండి, తాళ్లు కట్టి గుంజుకపోతరు. స్టీరింగు పట్టుకోని నేనే కూసుంట. మొఖం దిగులుగ పెడ్త, అదేం నాకు కష్టం గాదు.

ఎడ్లు మాత్రం మీవే కావాలె. మావి గిట్లనే మేతకని పోయినేడు కందకుర్తికి పోయినయి, ఇంక తిరిగి రాలే.