లారీలో నలుగురం

నీలవేణి వదినకు,

హైదరాబాదు క్షేమంగా చేరాం. ఫోనులో నేను చెప్పినదీ నిజమే, నువ్వు చెప్పినదీ నిజమే. మీ మామగారు, అదే మా పెదనాన్న, ఇక్కడ మా ఇంట్లో ఉన్నారు, మా ఆయన అక్కుపల్లిలో మీ ఇంట్లో ఉన్నారు. బూత్‌లో నా వెనకవాళ్ళు నవ్వుతుంటే వివరంగా చెప్పలేకపోయాను.

లారీకి తాడు బిగిస్తానని పెదనాన్న సామాను మీదికి ఎక్కి, అక్కడున్న పరుపు మీద నిద్రపోయారట. ఆ పరుపు మీద కూర్చుని రావలసిన మా ఆయన అప్పుడే ఇంటి తాళం అప్పగించడానికి వెళ్ళారు. నేనూ ఆడపిల్లలిద్దరూ డ్రైవరు పక్కన కూర్చున్నాం. ఆగిన ప్రతిచోటా దిగి లెక్క చూశాను. మేం ముగ్గురం, పరుపు మీద మంకీ టోపీ పెట్టుకున్న మనిషి ఒకరు. నలుగురం సరిపోయాం. తునిలో అందించిన ఉప్మాకి వంక పెట్టకుండా తిన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

"మెలకువ వచ్చాక చెప్పొచ్చు కదా పెదనాన్నా" అన్నాను.

"నువ్వు లెక్కెడతన్నావు కదమ్మా, మద్దెన మాటాడితే తప్పోతాదని ఊరుకున్నాను" అన్నారు.

సోమవారం చేరకపోతే మా ఆయన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆదివారానికల్లా ఇక్కడికి చేరేలా పలాసలో రైలెక్కించు. చొక్కాలన్నీ ఇక్కడే ఉన్నాయి కనుక అన్నయ్యది ఒకటి ఇవ్వు.

పెదనాన్నని తిరుగు లారీలో పంపుదామంటే కదలడం లేదు. "నలుగురని లెక్కెట్టావు, నలుగురం దిగాం. సరిపోయిన లెక్కని మల్లీ కదపడమేటమ్మా" అంటున్నారు.

దీనికి నీకేదైనా జవాబు తోస్తే మా ఆయనతో చెప్పి పంపు.

నీ ఆడపడుచు