సూపు మతం

నాస్తిక సంఘం కార్యదర్శిగారికి,

నమస్కారం. (అలవాటుకొద్దీ పెట్టాను, భక్తితో కాదు.) మెట్ల మీద జారి కాలు విరిగి నేటికి పద్దెనిమిది రోజులు. కుట్టుమిషను దుమ్ముకొట్టుకుపోతోంది. సంఘం కోసం చుట్టాలందరితోనూ తెగతెంపులు చేసుకున్నవాణ్ణి; మీరు తప్ప నాకెవరున్నారండీ? మనవాళ్ళు ఒక్కరైనా తొంగిచూడలేదు. ఒకావిడ మాత్రం, పాపం, రోజూ వేడివేడి సూపు తెచ్చిచ్చి, కాసేపు కబుర్లు చెప్పి వెళుతోంది. “ఎందుకమ్మా ఈ శ్రమ?” అంటే, “ఇదో కొత్త మతం లెండి!” అని నవ్వుతుంది.

ఇట్లు,
మంచమెక్కిన దర్జీ

తా.క.: ఆవిడ క్యారియర్ మూతకు సొట్ట ఉంది. నా పని కాదు, ముందునుంచే ఉంది.

*

సోదర సభ్యుడు దర్జీగారికి,

మిమ్మల్ని పరామర్శించే అంశం రెండుసార్లు అజెండాలో పెట్టాం. కోరం చాలక వాయిదా పడింది. అది అలా ఉంచండి. కొత్త మతమా! పాతవాటితోనే చస్తున్నాం కదండీ! ఇవాళ సూపంటారు, రేపు గురువుగారంటారు, ఎల్లుండి మీకు గుండు కొట్టిస్తారు. నిజనిర్ధారణ కమిటీని పంపుతున్నాను.

హేతుబద్ధంగా,
కార్యదర్శి

తా.క.: మా ఇంట్లో క్యారియర్ కనబడటంలేదు. మా ఆవిడనడిగితే “దేవుడికే తెలియాలి” అంది. ఇరవయ్యేళ్ళు నాతో కాపురం చేసి, ఆ మాటా!

*

కార్యదర్శిగారికి,

కమిటీవారు తెల్లారీ తెల్లారకుండానే వచ్చారు. కిటికీలోంచి చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. “లోపలికి రండి బాబూ!” అని గొంతు చించుకున్నాను. అది కూడా రాసుకున్నారు.

ఇట్లు,
గొంతు కూడా పోయిన దర్జీ

*

దర్జీగారికి,

కమిటీ నివేదిక చదివి నిర్ఘాంతపోయాను. మీరు తూర్పుకు తిరిగి, కళ్ళు మూసుకుని, కాలు పైకెత్తి ఏదో జపిస్తున్నారట! గోడమీద నియమాల కాగితమట! చివర్లో “నీళ్ళు, నీళ్ళు” అన్నారట. మంత్రజలమేగా? ఆదివారం మీ బహిష్కరణ సభ. కోరం నిండిపోయింది. కుర్చీలు చాలవు, కొందరు నిలబడతామన్నారు.

విచారంతో,
కార్యదర్శి

తా.క.: ‘సూపు మతంతో జాగ్రత్త’ అని కరపత్రం పంచాం. చదివి పదకొండుమంది అందులో చేరడమెలాగని అడిగారు. దాని చిరునామా తెలిస్తే పంపండి. ఖండించడానికే.

*

మాస్టారూ,

ఇక గారూ గీరూ వదిలేసి, పాత చనువుతో రాస్తున్నాను. మంచం తూర్పుకే పడుతుందండీ, గది అంత ఇరుకు. కాలెత్తింది డాక్టరు చెప్పిన కసరత్తు. జపించింది “ఒకటి, రెండు, మూడు”. గోడమీదిది ఆయన చీటీయే. నీళ్ళు దాహమేసి అడిగాను.

సభ మా ఇంట్లోనే పెట్టండి మాస్టారూ. ఆ వంకనైనా అందరూ నన్ను చూసినట్టుంటుంది.

కొత్త మతం చిరునామా అడిగారు కదా, అది మీ ఇల్లే. హాలు దాటగానే కుడివైపు వంటగది. సూపు తెచ్చేది మీ ఆవిడే. “ఆయనకు చెప్పకండి అన్నయ్యగారూ, కోరం అడుగుతారు” అంది. మాట తప్పాను, చెల్లెమ్మను క్షమించమనండి.

ఇట్లు,
ఆదివారందాకా మీ సభ్యుడు

తా.క.: ఈ ఉత్తరం ఖాళీ క్యారియర్లోనే పెట్టి పంపుతున్నాను. సొట్ట మూత గుర్తుపట్టే ఉంటారు. “ఈ ఇరవయ్యేళ్ళలో ఆయన నన్ను ‘తిన్నావా’ అని అడిగిన పాపాన పోలేదు” అని నిన్న కళ్ళొత్తుకుంది. ఇవాళ అడగండి. దానికి కోరం అక్కర్లేదు.