వెనక స్పీకర్లో గిటారు

చీమకుర్తిలో ఉన్న తమ్ముడు ప్రేమ్‌చంద్‌కి చిలకలూరిపేట నుంచి అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా, నా మోకాళ్ళు తప్ప. అక్కడ నువ్వూ మరదలు నాగజ్యోతీ కూడా కులాసాగా ఉన్నారని అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. "నాకెటూ వినపడదు, విన్నవాళ్ళు ఏమంటున్నారో ఒక్కటీ వదలకుండా రాయి" అన్నావు. ముప్పై ఏళ్ళు గ్రానైటు కోసే మిషను పక్కన నిలబడ్డవాడికి చెవులెక్కడ మిగుల్తాయి! సరే, రాస్తున్నాను.

మన "జిన్ను మోత" రాక్ పాటల్ని పాత టేపుల్లోంచి బయటికి తీసి, సరౌండ్ సౌండులో కొత్తగా తెచ్చారు కదా. చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టుకుని మధ్యలో కూర్చుని వినాలట. జనం రాసినవన్నీ అమ్మాయి శ్రీదివ్య ఫోన్లో చదివి వినిపించింది. కేసెట్టులో ఉన్న కారం పోయిందని ఒకడు. మొదటి పాటలో వాన చప్పుడు అద్భుతమని ఇంకొకడు. వానా, వాడి మొహమా! పత్తి జిన్నింగు మిల్లు ముందు నువ్వు టేప్ రికార్డరు పట్టుకుని గంటసేపు నిలబడి, తలనిండా దూదితో ఇంటికి తెచ్చిన చప్పుడది. మరొకడైతే, ఇంత దగ్గరగా వింటే నాది పాట కాదు, అరుపు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"గిటారు వినపడుతోందా?" అని రెండుసార్లు అడిగావు. వినపడుతోందిరా. జనం ఎక్కువగా రాసేది దాని గురించే. "వెనక స్పీకర్లో ఒక గిటారుంది, ఈ ఆల్బమ్‌కి ప్రాణం అదే. ఇన్నాళ్ళూ ఎందుకు వినపడలేదు?" అంటున్నారు.

ఎందుకో నాకు తెలుసు. మద్రాసులో రికార్డింగు అయిన మర్నాడే నాన్న టెలిగ్రాం కొట్టాడు, మిరపకాయ కోతకు కూలీలు దొరికారు, ఒకరు రండి అని. "పాటలు కలిపేటప్పుడు నువ్వుంటే చాల్లే అన్నయ్యా" అని నువ్వే రైలెక్కావు. నువ్వటు వెళ్ళగానే స్టూడియో ఆయన నీ వాయింపు విని, "అసలు సరుకు ఆ కుర్రాడయ్యా" అన్నాడు, నా మొహం మీదే. కుళ్ళిపోయాను. ఆ గిటారు తగ్గించండి, ఇంకా తగ్గించండి అని చెప్పింది నేనే. అట్ట మీద వేసే పేర్ల కాగితం రాసిందీ నేనే. కంపెనీవాళ్ళు నీ పేరు మర్చిపోయారని చెప్పానే, అది పచ్చి అబద్ధం. ఆ పైఏడే నువ్వు గిటారు అటకెక్కించి చీమకుర్తి వెళ్ళిపోయావు.

అక్కడితో ఆగానా? మొన్న ఈ పాటలు బాగుచేసిన ఇషాక్ అనే అతను ఫోన్ చేసి, "ఆ గిటారు ఎవరిదండీ?" అనడిగితే, నాదే అన్నాను. అరవై రెండేళ్ళొచ్చాయి, సిగ్గు మాత్రం రాలేదు. కొత్త అట్ట మీద అలాగే వేసేశారు.

పోయిన ఆదివారం గుంటూరులో నలభై మందిని పిలిచి పాటలు వినిపించారు. నన్ను సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆఖరి పాట అయిపోయాక నా వెనక నుంచి నీ గొంతు వచ్చింది. అప్పుడు నీ గిటారు మైకులో పడి, దాంతోపాటే నేను తగ్గించేసిన మాట.

"అన్నయ్యా, బాగొచ్చిందా? నా పేరు కూడా వేయిస్తావుగా?"

నువ్వే వచ్చావనుకుని గభాలున వెనక్కి తిరిగాను. ఇషాక్ నవ్వుతూ, "అప్పట్లో మీ గొంతు భలే ఉందండీ. తీసెయ్యబుద్ధి కాలేదు. మరి పాత అట్ట మీద గిటారుకి మీ పేరు వేయించలేదేంటండీ మీ అన్నయ్యగారు?" అన్నాడు.

"ఆ గొంతు మా తమ్ముడిది. ఆ అన్నయ్యని నేనే" అన్నాను. అందరూ నాకు టీ కూడా ఇవ్వకుండానే లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు జనం రాసేదంతా నా గురించే. దొంగ అని ఒకడు, తమ్ముడి నోట్లో మట్టి కొట్టాడని ఇంకొకడు. ఒక్కటీ వదలొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇక మీదట వేసే అట్టల మీద నీ పేరు వేస్తారట. అమ్ముడైపోయిన వాటిమీద నా పేరే ఉంటుంది.

నువ్వడిగిన ఆ మాట ఊరంతా వింది. నువ్వొక్కడివే వినలేవు. నాకు వినపడ్డాక జవాబు చెప్పకుండా ఎలా ఉండను? ముప్పై ఏడేళ్ళు ఆలస్యంగా రాస్తున్నాను.

బాగా వచ్చిందిరా. పేరు వేయించలేదు.

ఇట్లు,
ఇంకా అలా పిలవాలనిపిస్తే, నీ అన్నయ్య
శ్రీకృష్ణ