అకిహబారాలో ఊడిన అంచు

టోక్యో, ఆదివారం రాత్రి

పదేళ్లుగా ఫోన్‌లో చూసి మురిసిన అకిహబారాకి, యానిమే అనే జపాన్ కార్టూన్ల బజారుకి, ఈ రోజు వెళ్లాను, నాన్నతో. చేనేత ప్రదర్శనకి గద్వాల నుంచి ఆయన్ని పిలిస్తే తోడుగా వచ్చాను. నాకు దొరికిన సెలవు ఈ ఒక్కరోజే. హోటల్లో పడుకోమంటే నాన్న వింటేగా!

నాకు కావలసిన కత్తి పట్టిన అమ్మాయి బొమ్మ అక్కడో పెద్ద దుకాణంలో ఐదో అంతస్తులో ఉంది. మేం రెండోది దాటనేలేదు. అక్కడ యానిమే వేషాల బట్టలు వేలాడుతుంటే నాన్న ఆగిపోయాడు. ఒక నల్ల గౌను అంచు తిరగేసి, గోటితో గీకి, పోగు పట్టి లాగాడు. జానెడు అంచు సర్రున ఊడి వచ్చింది.

"గిదేం పనే? అంచు కలిపి నెయ్యకుంట ఊకెనే అతికిచ్చిండ్రు!" అని నా మీదే అరిచాడు.

దుకాణం అమ్మాయి తప్పు తనదైనట్టు వంగి వంగి, గోడమీది బోర్డు చూపించింది. ముట్టుకోవద్దని చేతి బొమ్మ, దానిమీద ఎర్రటి అడ్డగీత. నాకు తల కొట్టేసినట్టయింది. బొమ్మకని దాచుకున్న డబ్బుతో ఆ ఊడిన గౌను కొని బయటపడ్డాను. దారంతా ఆయనకి పది అడుగులు ముందే నడిచాను.

ఇప్పుడు హోటల్ గదిలో లైటు కింద కూర్చుని దాన్ని కుడతానంటున్నాడు. నాకెందుకా గౌను? వద్దన్నా వినడు.

"బిడ్డా, జర సూదిల దారం ఎక్కియ్యి."

నాలుగుసార్లు గురి తప్పాక అడిగాడు. ఒక్క పోగు తప్పినా మగ్గం ఇవతలి నుంచే పట్టేసే మనిషి.

ఎక్కించి ఇచ్చాను. దుకాణంలో ఆ బోర్డు ఆయన ముఖానికి ఎదురుగానే ఉండింది, పళ్లెమంత. అదీ కనబడలేదేమో...