ఫ్లాస్కులో తెచ్చిన తెల్లనీళ్ళు

కాస్పర్, వయోమింగ్
1987 మార్చి 9

మెర్ల్ బావకి,

నీ మరదలు లోర్నా నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా మోకాలి నొప్పీ క్షేమం. అక్కా నువ్వూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే, రెండేళ్ళుగా నువ్వు నాతో మాట్లాడింది లేదుగా! అక్క ఫోను చేస్తే వెనక నీ దగ్గు వినిపిస్తుంది, మాట మాత్రం రాదు.

ఉత్తరం చించెయ్యకు, మంచి కబురు. పద్నాలుగో చమురు బావిలో నూనె పెరిగింది బావా! తోడిన నూరు పీపాల్లో నాలుగే నూనె ఉండేది, కొత్త సబ్బు పంపాక పదకొండుకి వచ్చింది. ఇక మన ఫీల్డు మూసెయ్యరట. ల్యాబులో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేశాను.

పాత సబ్బు ఎందుకు చెడిందో కూడా తేలింది. రాతికి అంటుకున్న నూనెని విడదీయాలని నీళ్ళలో కలిపి పంపామే, అది నూట నలభై ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా బుద్ధిగా కరిగి ఉంటుంది. అది దాటితే తెల్లగా విరిగిపోతుంది. కింద రాయి వేడి నూట తొంభై! ఆ సబ్బునీళ్ళ గాజు గొట్టాలు నేనూ అంత వేడి పొయ్యిలోనే పెట్టాను. కానీ పొయ్యి అద్దం మసగ్గా ఉందని, బయటికి తీసి కిటికీ దగ్గర పెట్టి, కాఫీ కలుపుకొచ్చి తీరిగ్గా చూసేదాన్ని. జనవరిలో, కాస్పర్‌లో, కిటికీ దగ్గర! ఈలోగా అవి చల్లారి, తేటపడి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవి. ఈసారి టార్చిలైటు వేసి పొయ్యిలో ఉండగానే చూశాను, తెల్లగా విరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నా బుద్ధి గడ్డి తింది, ఏం చెప్పను.

నువ్వు ముందే చెప్పావు. బావిలోకి పంపింది వెనక్కి తోడితే పాలలా వస్తోందని, ఫ్లాస్కులో వేడివేడిగా పట్టుకుని డెబ్బై మైళ్ళు మంచులో బండి నడుపుకుంటూ వచ్చావు. మా పెద్దాయన గ్రేడీ చూసి, మంచినీళ్ళలా ఉన్నాయి, పొద్దున్నే ఏం తాగొచ్చావ్ మెర్ల్ అన్నాడు. అందరూ నవ్వారు. పాళ్ళు తప్పు కలిపి కథలు చెబుతున్నావని కాగితం రాసి, ఇరవై రెండేళ్ళుగా బావులు చూస్తున్నవాణ్ణి తీసుకెళ్ళి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

శుక్రవారం గ్రేడీ ఆ కాగితం చించేశాడు. వచ్చే సోమవారం నుంచి నీ బావులు మళ్ళీ నీవే. అమ్మయ్య! తనే ఫోను చేసి క్షమించమంటాడట. వెంటనే ఒప్పుకోకు, కాస్త ఏడిపించు.

ఆదివారం అక్కని చిల్లీ కూర వండమను, దాల్చినచెక్క రొట్టెలు నేను తెస్తాను. తలుపు తీస్తావో, లోపలే కూర్చుని దగ్గుతావో నీ ఇష్టం.

నువ్వెప్పుడూ మొండిదనే మరదలు,
లోర్నా

తా.క.: ఇది రాయకుండానే కవరు అంటించి, మళ్ళీ విప్పాను. ఆ రోజు నువ్వు గ్రేడీని పిలవడానికి వెళ్ళినప్పుడు ఫ్లాస్కు మూత తీసింది నేను. నీళ్ళు తెల్లగా ఉన్నాయి బావా. అచ్చం పాలే. అన్నీ గాజు జాడీలో పోసి చూస్తూ ఉండిపోయాను. మీరొచ్చేసరికి తేటపడ్డాయి. ఎందుకో అప్పుడు తెలియదు. గ్రేడీ అడిగితే మాత్రం, మొదటినుంచీ ఇలాగే ఉన్నాయన్నాను. అది నేను సొంతంగా చేసిన మొదటి సబ్బు. శుక్రవారం ఈ మాట చెప్పాకే గ్రేడీ నీ కాగితం చించాడు. ఇప్పుడు నా మీద ఒకటి రాశాడు, అదేం ఫరవాలేదు. రొట్టెలు మాత్రం తెస్తాను. గుమ్మంలో పెట్టి పొమ్మన్నా సరే.